నా చేతికీ ఆమె కొంగుకీ మధ్య

డోలీ వార్త పేపర్లో పడిన ప్రతిసారీ మా రావికమతం మండలంలో మాటలన్నీ రోడ్డు చుట్టూనే తిరుగుతాయి. చీమలపాడు పంచాయతీ కొండ మీంచో, పక్కనున్న రోలుగుంట మండలం అర్ల పంచాయతీ నుంచో నెలలు నిండిన మనిషిని కర్రకు దుప్పటి కట్టి మోసుకొస్తారు. ఫొటో వస్తుంది. రోడ్డెయ్యాలని అందరం అంటాం. అందులో పేచీ లేదు. ఆ ఊళ్ళలో గిరిజన కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నా అవి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి రాలేదు. నాన్ షెడ్యూల్డ్ గ్రామాలంటారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలుకాకుండా కాపాడే 1/70 చట్టం కొండకు ఆ వైపు పాడేరులో పనిచేస్తుంది, ఈ వైపు పనిచేయదు. రోడ్డు, కరెంటు, నీళ్ళు, డాక్టరు, అన్నీ ఇక్కడికి ఆలస్యంగానే చేరతాయి.

నేను మందుల షాపు నడుపుతాను. కొండ దిగినవాళ్ళు ఆసుపత్రి చూసుకుని చివరికి వచ్చేది నాలాంటివాడి షాపు మెట్టు దగ్గరికే. దారంతా నడిచొచ్చాక కూడా వాళ్ళకు ఇంకా కొంత దూరం మిగిలే ఉంటుంది. మెట్టు కిందనుంచి నా కౌంటరు దాకా ఉండే దూరం అది. రోడ్డు వేసినా అది తగ్గదు. దాని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జీడిపిక్కల కాలంలో సంతకు దిగినవాళ్ళు పిక్కలు అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, ఆఖర్న మందులకు వస్తారు. అలా వచ్చిన ఒకామె, చంకలో పిల్లతో మెట్టు దిగువనే నిలబడింది. ఆమె తర్వాత మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు ఆమె భుజం మీంచి చీటీలు చాపారు. నేను అందుకున్నాను. ఆమెను ఎవరూ నెట్టలేదు, ఎవరూ కసరలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. అందరూ వెళ్ళాక మెట్టెక్కి, చీటీ నా చేతికివ్వకుండా కౌంటరు మీద పెట్టింది. పిల్ల జ్వరానికి సిరపు, ఆమెకు ఐరన్ బిళ్ళలు. నేను ఇవ్వబోతే చెయ్యి చాపలేదు, కొంగు పట్టింది. పైనుంచి అందులో వేశాను. కొంగు ముడి విప్పి, తడిసి మెత్తబడిన నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. చిల్లర నేనూ బల్ల మీదే పెట్టాను.

ఇంత బేరంలో మా ఇద్దరి వేళ్ళూ ఎక్కడా తగల్లేదు. అలా చెయ్యమని ఆమెకు ఆ పూట ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఇద్దరికీ వచ్చు. మోటారు సైకిలు వాళ్ళకు అడక్కుండానే చెప్పాను, "తిన్నాక వేసుకోండి బావూ, పూటకొకటి" అని. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఐరన్ బిళ్ళ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. ఆ ముక్క ముందే చెప్పకపోతే లోపల ఏదో రక్తం పోతోందని భయపడి మానేస్తారు. టీతో వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు. ఇవి చెప్పడానికి నిమిషం చాలు. ఆ నిమిషం ఆమెకు దక్కలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎస్టీ ఆడవాళ్ళలో అది సుమారు 65 శాతం. రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో కాస్త రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది. డోలీ ఎక్కే రోజు కంటే ఎన్నో నెలల ముందే, నాలాంటివాడి షాపులో, ఒక చిన్న మాట చెప్పకపోవడం దగ్గరే ఆ ప్రమాదం మొదలయి ఉండొచ్చు. ఈ ఆలోచన వచ్చాక నాకు డోలీ ఫొటోను పక్కవాడి తప్పుగా చూడ్డం చేతకాలేదు.

నేనెవర్నో కూడా చెప్పాలి. మేం కొప్పుల వెలమలం. ప్రభుత్వం లెక్కలో బీసీలం, ఊరి లెక్కలో పైవాళ్ళం. మా పైన ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసిన చూపు మాకు గుర్తుంటుంది, మా కింద అనుకున్నవాళ్ళను మేం చూసే చూపు మాకు కనబడదు. మా నాయనమ్మ చాలా మంచి మనిషి. తుఫానొస్తే వీధి మొత్తానికి వండిపెట్టేది. అదే మనిషి, కూలికొచ్చిన దళితపేటవాళ్ళకు కాఫీ పొయ్యడానికి పశువుల పాక చూరులో దోపిన గ్లాసు తియ్యమనేది. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. చిన్నప్పుడు ఆ గ్లాసు తీసి ఇచ్చే పని నాది. ఎందుకని నేను అడగలేదు, అడగాలని కూడా తట్టలేదు. ఇప్పుడు హోటళ్ళలో కాయితం కప్పులొచ్చాయి, రెండు గ్లాసుల గొడవ తీరిపోయిందని మావాళ్ళు అంటుంటారు. తీరిందో లేదో కప్పులు చెప్పవు. ఎవరు బెంచీ మీద కూర్చున్నారు, ఎవరు నిలబడి తాగారు అన్నది చూస్తే తెలుస్తుంది.

ఆ గ్లాసు తీసిన చెయ్యే ఆ కొంగులో మందులు వేసింది.

చిన్నచూపు వల్ల మనసు నొచ్చుకుంటుంది గానీ ఒంటికేమవుతుందని అడిగేవాళ్ళున్నారు. నేను విశాఖలో ఫార్మసీ చదివేటప్పుడు నా యాసను వెక్కిరించేవాళ్ళు. "ఎల్లొస్తావేటి" అని నా మాట నాకే తిప్పి అనేవాళ్ళు. సినిమాల్లో మన యాస హాస్యపాత్రలకే కదా, అందుకని వాళ్ళకది తప్పనిపించేది కాదు. నోటి పరీక్షలో లేచి నిలబడగానే గొంతు తడారిపోయేది, చెవులు వేడెక్కేవి, గుండె దడదడలాడేది. తెలిసిన జవాబు కూడా నోటికొచ్చేది కాదు. ఆ దడ వట్టి భావం కాదు. అపాయం వచ్చిందనుకుని ఒళ్ళు ఎడ్రినలిన్, కార్టిసాల్ వదుల్తుంది. బీపీ పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వచ్చి పడుతుంది. పాము ఎదురైనప్పుడు పారిపోవడానికి అదే కావాలి. పాము వెళ్ళిపోయాక ఒళ్ళు మామూలవుతుంది. కానీ రోజూ, సంతలో, బడిలో, ఆఫీసులో, షాపు మెట్టు మీద ఎవరేమంటారోనని బిగబట్టుకుని ఉండే మనిషి ఒంటికి ఆ ఆపు ఉండదు. రాత్రీపగలూ ఆపకుండా తిప్పిన బోరు మోటారు కాయిలు కాలినట్టు గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలు ముందుగానే చెడొచ్చు. నాకు చదువు అవగానే ఆ బాధ తీరింది, మావాళ్ళ మధ్యకొచ్చేశాను. పుట్టినప్పట్నుంచి చచ్చేదాకా దాన్నుంచి బయటపడే దారి లేనివాళ్ళ సంగతేమిటి?

ఈ విషయం మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికాలో. అక్కడ నల్లజాతి ఆడవాళ్ళ కాన్పుల లెక్కలు చూసి, వివక్ష భరించీ భరించీ శరీరం వయసు కంటే ముందే ముసలిదవుతుందని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ప్రతిపాదించింది. మరో పరిశోధన నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కాలిఫోర్నియాలో ఆరు నెలల పాటు జరిగిన కాన్పులను డయాన్ లాడర్‌డేల్ పరిశీలించింది. అరబ్బు పేర్లున్న తల్లులకు బరువు తక్కువ పిల్లలు పుట్టే ముప్పు, అంతకు ఏడాది ముందు అవే నెలలతో పోలిస్తే 34 శాతం పెరిగింది. మిగతా తల్లులకు అలా పెరగలేదు. వీధిలో జనం చూసే చూపు మారింది. కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఆ చూపు తగిలింది.

మన దేశంలో సంగతి 2022లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశీష్ గుప్తా తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీశారు. మన రాష్ట్రం అందులో లేదు. పైకులాల హిందువుల కంటే ఆదివాసీలు నాలుగేళ్ళకు పైగా, దళితులు మూడేళ్ళకు పైగా, ముస్లింలు సుమారు ఏడాది తక్కువ బతుకుతున్నారు. పేదరికం వల్లేనని మనం వెంటనే అనేస్తాం, నేనూ అలాగే అన్నాను. వాళ్ళు డబ్బు, ఆస్తి తేడాను లెక్కలోంచి తీసి చూశారు. ఆ తేడాలో సగం కంటే తక్కువే దానివల్ల అని తేలింది. మిగతాది డబ్బుతో తీరేది కాదు.

ఇక్కడ నా ఆరోగ్యం సంగతి చెప్పుకోవాలి. నా బీపీని తొలిదశలోనే పట్టుకున్నారు. డాక్టరు గారి దగ్గరికి వేరే పని మీద వెళ్తే "రండి, కూర్చోండి, ఓసారి చూద్దాం" అన్నారు. మా వీధి మనిషి కాబట్టి ఆ పిలుపు. ఎస్సీ కాలనీ నుంచి నా షాపుకొచ్చే నా ఈడు మనిషికి బీపీ ఉందని తెలిసింది నోరు వంకరపోయాక. అంతకుముందు ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎందుకెళ్ళలేదని అడిగితే, "ఎల్తే నిలబెడతారు బావూ, ఎందుకొచ్చావంటారు" అన్నాడు. ఆయన నిర్లక్ష్యం అని నేను చాలామందికి చెప్పి ఉంటాను. అవమానం ఖాయమని తెలిసిన చోటికి ఒంట్లో బాగున్నంతకాలం ఎవరు వెళ్తారు? నా ఆరోగ్యంలో కొంత భాగం నా కులం నాకు ఇచ్చింది. అంత భాగం ఆయన దగ్గర్నుంచి తీసుకుంది. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, ఎందుకంటే నా నడక, నా పథ్యం, నా మాత్రలు నేను వేళకు వేసుకోవడం, ఇవన్నీ నా ఘనతే అనుకుంటూ వచ్చాను.

అంబేద్కర్ తన అనుభవాలతో పాటు రాసిపెట్టిన ఒక సంగతి మందుల వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ తెలుసుకోవాలి. కాఠియావాడ్‌లో అస్పృశ్య కులానికి చెందిన ఒక టీచరు భార్య కాన్పయ్యాక జబ్బుపడింది. పేటలోకి రానన్న డాక్టరు, పెద్దమనుషులు పూచీ పడితే, రోగిని బయటికి తీసుకురావాలన్న షరతు మీద వచ్చాడు. థర్మామీటరు తాను పెట్టలేదు. ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త ఆమెకు పెట్టాడు. తిరిగి అదే వరసలో డాక్టరుకు చేరింది. న్యుమోనియా అని చెప్పి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయింది. ఆ భర్త రాసిన ఉత్తరం 1929 డిసెంబరు 12న యంగ్ ఇండియాలో అచ్చయింది. పాతకాలం అనుకుందామా? 2006లో అచ్చయిన ఒక సర్వే, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసింది, ప్రతి మూడు ఊళ్ళలో ఒకచోట ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళలోకి అడుగుపెట్టడం లేదని చెప్పింది. నేను ఆ ఉత్తరం సంగతి చదివినప్పుడు డాక్టరు మీద కోపం వచ్చింది. తర్వాత కొంగు గుర్తొచ్చింది. థర్మామీటరు మూడు చేతులు మారింది, నా మందు గాలిలోంచి పడింది.

ఒంటి రంగు గురించి కూడా రాయకపోతే ఇది సగం లెక్కే అవుతుంది. మన ఇళ్ళలో పిల్ల పుట్టగానే చెవి అంచు చూస్తారు, పెద్దయ్యాక ఏ రంగొస్తుందోనని. మా అమ్మాయికీ చూశారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెళ్ళిచూపులొచ్చేసరికి "పిల్ల కొంచెం చామనఛాయ" అన్న మాట లోపం చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్తారు. ఆ తల్లులే నా షాపుకొచ్చి "తెల్లబడే ట్యూబు ఇయ్యండి బావూ" అంటారు. వాళ్ళడిగే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో మొహం నునుపు తేలి రంగు తగ్గుతుంది. అది చూసి మురిసిపోతారు. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. మానేద్దామంటే మొహం మరింత ఎర్రబడి వాచిపోతుంది, అందుకని మళ్ళీ అదే రాస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2020లో ఒక పెద్ద కంపెనీ తన క్రీము పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసింది. అడిగేవాళ్ళ మాట మారలేదు. డిగ్రీ చదివే ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని జబ్బు అనుకుని జబ్బు కొనుక్కుపోతుంది. దానికి కారణం నల్లటి చర్మం కాదు, ఆ చర్మం గురించి మనం ఆడుతున్న మాటలు. ఇప్పుడు నేను చీటీ లేనిదే ఇవ్వను. పక్క షాపుకు పోతారని మావాళ్ళు అంటారు. పోతారు కూడా. కానీ కారణం చెప్పి పంపితే కొందరు తల్లులు ఆగి వింటున్నారు, మొహం మీద మచ్చలు చూపించి అడుగుతున్నారు.

కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్లు తెగ అమ్మాను. 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగన్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా ఆ యంత్రం బాగుందని చూపించడం, తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. వేలిలోంచి వెలుతురు పంపి లెక్క చెప్పే యంత్రం అది, చర్మం రంగును బట్టి లెక్క తప్పుతుంది. యంత్రానికి ద్వేషం ఉండదు. దాన్ని ఎవరి వేళ్ళ మీద సరిచూశారన్నదే తేడా. మన ఒంటి రంగూ ముదురే కాబట్టి ఇది మనకూ తగులుతుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేథేలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను జాత్యహంకారంతో కాల్చి చంపినప్పుడు ఆ రెండు మూడు రోజులు నా షాపు ముందు అదే మాట. మీ దేశం పొండని అరిచి కాల్చాడట అని అందరం మండిపడ్డాం. ఆ కోపం నిజమైనది, ఇప్పటికీ ఉంది. అక్కడ మనవాణ్ణి పరాయివాడన్నందుకు మండిన గుండె, ఇక్కడ కొండవాళ్ళను "ఒసే, ఒరే" అన్నప్పుడు ఎందుకు మండలేదని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు సులువు: అక్కడ మనం కింద ఉన్నాం, ఇక్కడ పైన ఉన్నాం.

షాపులో కొన్ని మార్చాను. ఎవరు ముందొస్తే వాళ్ళకు ముందు. కౌంటరు ముందు ఒక బల్ల వేశాను, దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు. కొండవాళ్ళనైనా, కాలనీవాళ్ళనైనా మీరు అనే అంటాను. మందు చేతికిస్తాను, చిల్లర చేతికిస్తాను. చదువురానివాళ్ళకు షీటు మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసి, తిరిగి చెప్పించుకుంటాను. ఇది రాస్తుంటే మంచివాడనిపించుకోవాలన్న కోరిక నాలో లేదని చెప్పలేను. అలవాటు కూడా అంత తొందరగా పోలేదు. షాపు కిటకిటలాడేటప్పుడు, ఒళ్ళు అలిసినప్పుడు, నా చెయ్యి మొదట తెల్లచొక్కా వైపే పోతుంది. వెనక్కి తీసుకుంటాను. "కొండోళ్ళను కూడా అండీ అంటారేటి" అని ఒక పెద్దమనిషి షాపులోనే అడిగాడు. ఆయన నాకు వరసకు మామయ్య. "అంటాను మావయ్యా" అన్నాను, అంతకంటే మాట్లాడలేకపోయాను.

ఇదంతా కౌంటరుకు లోపల నేను చేసుకునేది. బయట వరసలో నిలబడేవాళ్ళు చెయ్యగలిగింది దీనికంటే పెద్దది. భుజం మీంచి చీటీ చాపినప్పుడు ఎవరో ఒకరు "ఆవిడ ముందొచ్చింది" అంటే చాలు, వరస సర్దుకుంటుంది. ఆసుపత్రిలో ఎవరినైనా కసురుతుంటే పక్కన నిలబడి "ఏం కావాలో చెప్పండి, నేను రాసిస్తాను" అనొచ్చు. మీ ఇంట్లో పనిచేసే మనిషి బీపీ ఎంతుందో మీకు తెలుసా? మీ డాక్టరు దగ్గరికే, మీతో పాటే తీసుకెళ్ళండి. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల రంగు ఊసెత్తకండి. ఇవి పెట్టుబడి లేని పనులు.

దయతో సరిపోదని కూడా నాకు తెలుసు. నా నోట్లో మర్యాద పెరిగినంత మాత్రాన చీమలపాడు కొండెక్కడానికి రోడ్డు రాదు, అక్కడికి డాక్టరు రాడు. పౌర హక్కుల పరిరక్షణ చట్టం 1955 నుంచి ఉంది, అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం దాని కింద నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి, దుకాణంలోకి రానివ్వకుండా అడ్డుకోవడాన్ని స్పష్టంగా పేరు పెట్టి నేరాల్లో చేర్చారు. ఫిర్యాదుకు 14566 నంబరుంది. కానీ చట్టం నిలబడాలంటే చూసినవాడు చెప్పాలి. అవమానపడ్డ మనిషి తరఫున ఆ కాలనీవాళ్ళే సాక్ష్యం చెప్తారు, మన వీధులవాళ్ళం "నేనక్కడ లేను" అంటాం. ఉన్నాం. నా షాపు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు.

మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న సివిల్ రైట్స్ డే పెట్టాలన్న నియమం ఉంది. రెవెన్యూవాళ్ళు, పోలీసులు ఏదో ఒక ఎస్సీ కాలనీకో ఎస్టీ ఊరికో వెళ్ళి సమస్యలు వినాలి. అక్కడ కూర్చునేది అధికారులూ కాలనీవాళ్ళే, నాలాంటివాళ్ళు ఆ పక్కకు పోరు. ఈ నెల మీ మండలంలో ఎక్కడ పెడుతున్నారో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి, వెళ్ళి వాళ్ళతో పాటే కింద కూర్చుని వినండి. రావికమతంలో అయితే నా షాపుకు రండి, కలిసి వెళ్దాం.